తల్లి చేపల ఎంపిక – నాలుగో పాఠం: తోకతో వచ్చిన తంటా

గుడ్లు పెట్టించడానికి ఏరే తల్లి చేపల్లో, శీలావతి ఆడచేపల్ని పొట్ట చుట్టుకొలత చూసి ఏరమని పోయిన పాఠంలో చెప్పాను. మీ కొలతలు చూస్తే చాలావాటిలో ఆడ, మగ అంకెలు కలిసిపోయాయి. తప్పు మీది కాదు. చుట్టుకొలతను పొడవుతో భాగించమన్నానే కానీ, ఏ పొడవో చెప్పలేదు. అందుకే ముందు ఆ తప్పు సరిదిద్దుతాను, బొచ్చె చేప సంగతి వచ్చే పాఠానికి వాయిదా వేస్తున్నాను.

పొడవంటే ముట్టె కొస నుంచి తోకరెక్క మొదలు వరకే. రెక్క లెక్కలోకి రాదు. వల లాగినప్పుడు, హాపాల్లో (నీళ్ళలో కట్టే వలగుడ్డ తొట్టెల్లో) పెట్టినప్పుడు తల్లి చేపల తోకలు చీలుతూనే ఉంటాయి. తోకతో కలిపి కొలిస్తే, అది తెగిన మేరకు పొడవు తగ్గి, చేప లెక్కలో లావైపోతుంది.

ఒక ఆడచేప, ఒక మగచేప అనుకోండి. రెండింటికీ తోక మొదలు దాకా 44 సెంటీమీటర్లు. ఆడదాని చుట్టుకొలత 33, మగదానిది 30. భాగిస్తే 0.75, 0.68. తేడా కళ్ళకు కడుతుంది. ఇప్పుడు తోకతో కలిపి చూడండి. ఆడదాని తోక నిండుగా ఉంది, మొత్తం 54. మగదానిది చీలింది, 49. రెండింటికీ 0.61 వస్తుంది! ఆ అంకెను నమ్మితే మగచేపను గుడ్లచేప అనుకుని గుడ్లు పెట్టించే తొట్టెలో వేస్తారు. 1957లో ఒడిశాలో శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి పిట్యూటరీ (మెదడు కింది గ్రంథి) రసం ఇంజెక్షన్‌తో మన కార్పు జాతి చేపల చేత గుడ్లు పెట్టించారు. అప్పటి నుంచి ఇప్పటి దాకా ఏ ఇంజెక్షనూ కడుపులో పక్వమైన గుడ్లు లేని చేప చేత గుడ్లు పెట్టించలేదు.

తోక మొదలు ఎక్కడో తెలియకపోతే తోకను మెల్లగా పక్కకు వంచండి. ముడత పడిన చోటే మొదలు.

నేను టైలర్ టేపే వాడతాను, తడిపిన స్పాంజి మీద చేపను పడుకోబెట్టి. టేపు ఎప్పుడూ వీపురెక్క మొదలు దగ్గరే చుట్టాలి. ముందురోజు తవుడు, నూనెచెక్క మేత ఆపేయండి. మేత పొట్ట కూడా ఉబ్బుగానే కనిపిస్తుంది. గుడ్ల పొట్ట మెత్తగా, మలద్వారం దాకా నిండి ఉంటుంది, ఆ రంధ్రం ఉబ్బి ఎర్రబారుతుంది.

ఆడా మగా తేల్చడానికి మాత్రం నా బొటనవేలే నాకు ముందు. సీజన్‌లో మగచేప రొమ్మురెక్క పైవైపు గరుకుగా తగులుతుంది, ఆడదానిది నున్నగా ఉంటుంది. పొట్ట మెల్లగా నొక్కితే మగదానికి పాలు (తెల్లటి వీర్యం) వస్తాయి. చుట్టుకొలత అవసరమయ్యేది ఆ తర్వాత, ఆడవాటిలో ఏది బాగా నిండిందో ఏరడానికి.

అభ్యాసం: ఒకే చెరువు నుంచి 20 చేపలు. రెక్కలు తడిమి ఆడా మగా రాసుకునే పని తోడు వచ్చినవాళ్ళది, మీకు చెప్పకూడదు. మీరు చేప కళ్ళ మీద తడిగుడ్డ కప్పి, ప్రతిదాన్నీ రెండుసార్లు కొలవండి. రెండు కొలతలకూ అర సెంటీమీటరు కంటే ఎక్కువ తేడా వస్తే మూడోసారి. అంకెల్ని బట్టి ఆడా మగా మీరే రాసి, చివర్లో రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టండి. తేడా వచ్చిన చేపల తోకలు ఎలా ఉన్నాయో కూడా రాయండి.