ఇంటి మరువం – 2వ పాఠం: కొమ్మ నాటడం, మొదటి కోత

పోయిన పాఠంలో కుండీ, మట్టి సిద్ధం చేసుకున్నాం. ఇక మొక్క సంగతి. మరువం విత్తనాలు మరీ సన్నం. మొలిచినా, నీళ్లు కాస్త గట్టిగా పోస్తే నారు పడిపోతుంది. అందుకే కొమ్మ నాటడం మేలు. పూల కొట్లో కొన్న కట్ట తాజాగా ఉంటే అందులోంచే మొక్కలు చేసుకోవచ్చు. వానలు తగ్గాక, కార్తీకం నుంచి మాఘం దాకా ఇందుకు మంచి అదను.

కట్ట ఇంటికి తేగానే కాడల చివరలు కొద్దిగా కత్తిరించి గంటసేపు నీళ్లలో ఉంచండి. పువ్వు, మొగ్గ లేని లేత కొమ్మలు ఏరండి. ఒక్కోటి మూడు నాలుగు అంగుళాలు చాలు. కణుపుకు సరిగ్గా కింద కోసి, సగం దాకా ఆకులు తీసేయండి. సగం ఇసుక, సగం కొబ్బరి పొట్టు కలిపిన చిన్న కుండీలో రెండు కణుపులు లోపలికి పోయేలా గుచ్చి, నీడలో పెట్టండి. వేరు పట్టడానికి రెండు మూడు వారాలు పడుతుంది. పట్టిందో లేదోనని లాగి చూడొద్దు, అప్పుడే వస్తున్న వేర్లు తెగిపోతాయి. కొసన కొత్త ఆకు కనిపిస్తే పట్టినట్టే. అప్పుడు ఎనిమిది అంగుళాల కుండీలోకి మార్చి, మెల్లగా ఎండకు అలవాటు చేయండి.

మరువం పుట్టిల్లు సైప్రస్, టర్కీ వైపు పొడి కొండవాలులు. దానికి ఎండ ఇష్టం, తడి కాళ్లు గిట్టవు. మన ఇళ్లలో ఇది ఎండి చచ్చేదానికంటే నీళ్లు ఎక్కువై కుళ్లిపోయేదే ఎక్కువ. వేలు ఒక కణుపు లోతు మట్టిలో పెట్టి, పొడిగా తగిలితేనే పోయండి. ముసురు పట్టిన రోజుల్లో కుండీని చూరు కిందకు జరపండి. మే నెలలో మాత్రం మధ్యాహ్నం నీడ ఇవ్వాలి.

ఇక కోత. చాలామంది మొక్క మీద జాలితో కత్తెర ముట్టుకోరు. కోయని మరువం పొడుగ్గా సాగి, అడుగున కట్టెబారి, పూతకొచ్చి వాసన తగ్గుతుంది. జానెడు ఎదగగానే పైనుంచి మూడో వంతు, ఒక ఆకుల జతకు కాస్త పైన కోసేయండి. ఆ జత దగ్గర రెండు కొత్త చిగుళ్లు వస్తాయి. ఆకుల్లేని కట్టె భాగం దాకా మాత్రం కోయొద్దు, అక్కడ చిగురు రావడం కష్టం. కొసల్లో ఆకుపచ్చ ముడుల్లాంటి మొగ్గలు కనిపించి, ఇంకా విచ్చకముందు వాసన బాగా ఘాటుగా ఉంటుంది. పెద్ద కోతకు అదే సమయం.

కోసింది కదంబం మాలకు వాడేటట్లయితే రెండంగుళాల రెమ్మలు చేయండి. అరటినారతో కనకాంబరాలు రెండు జతలు కట్టాక ఒక రెమ్మ పెట్టి ముడి వేయండి. రెమ్మలు మరీ దగ్గరైతే పూలు కనబడవు. మిగిలినదాన్ని తడిగుడ్డలో చుట్టి ఉంచితే మర్నాటికీ పనికొస్తుంది.

మరువం వంటకూ పనికొస్తుంది. బంగాళాదుంప వేపుడు దించే ముందు నాలుగు ఆకులు నలిపి చల్లి చూడండి. ముందే వేస్తే పరిమళం ఆవిరైపోతుంది. దాచుకోవాలంటే నీడలోనే ఆరబెట్టి, గలగలలాడాక సీసాలో పోయండి.

వచ్చే పాఠం దవనం గురించి. ఈలోగా నాలుగైదు కొమ్మలు నాటి పెట్టండి, అన్నీ బతకవు.