సర్వర్ గదికి కరెంటు పూర్తిగా ఆపే ముందు

పోయిన ఆదివారం తెల్లవారుజామున మూడున్నరకు ఒక పాత సహోద్యోగి ఫోన్ చేశాడు. తుఫాన్ల కాలం ముదిరేలోగా యూపీఎస్ బ్యాటరీలు మార్చాలని వాళ్ల సంస్థలో శనివారం రాత్రి సర్వర్ గది మొత్తానికి కరెంటు ఆపారు. ఆపడం చక్కగా జరిగింది. బ్యాటరీల పని అనుకున్నదానికన్నా ముందే ముగిసింది. కరెంటు ఇచ్చాక స్టోరేజీ (అందరి సమాచారం ఉండే డిస్కుల పెట్టె) లేచింది, హైపర్‌వైజర్లు (ఒక్కొక్కటీ తన మీద ఎన్నో సాఫ్ట్‌వేర్ కంప్యూటర్లను నడిపే సర్వర్లు) లేచాయి. ఆ సాఫ్ట్‌వేర్ కంప్యూటర్లు, అంటే వర్చువల్ మెషీన్లు మాత్రం ఒక్కటీ లేవలేదు.

కారణం చిన్నదే. హైపర్‌వైజర్లకు స్టోరేజీని ఐపీ చిరునామాతో కాకుండా పేరుతో కలిపారు. ఆ పేరుకు ఐపీ చెప్పాల్సిన డీఎన్ఎస్ సర్వర్ ఒక వర్చువల్ మెషీన్. ఆ మెషీన్ ఉన్నది అదే స్టోరేజీలో. చెట్టు ముందా, విత్తు ముందా? రూట్‌గా, అంటే సర్వాధికారాలున్న ఖాతాతో, హైపర్‌వైజర్ లోపలికి వెళ్లి, పేర్లకు ఐపీలు రాసుకునే హోస్ట్స్ ఫైల్లో ఒక్క వరుస రాస్తే చిక్కు విడిపోతుంది. రూట్ పాస్‌వర్డ్ ఎక్కడుంది అని అడిగాను. పాస్‌వర్డ్‌లన్నీ దాచిన సర్వర్‌లో అన్నాడు. ఆ సర్వర్ ఎక్కడుంది? అదీ వర్చువల్ మెషీనే.

ఒక ల్యాప్‌టాప్‌కు ఆ డీఎన్ఎస్ సర్వర్ ఐపీనే ఇప్పించి, అందులో చిన్న డీఎన్ఎస్ ప్రోగ్రాం పెట్టించి, స్టోరేజీ పేరు ఒక్కటే రాయించాను. హైపర్‌వైజర్లను పవర్ బటన్‌తోనే మళ్లీ ఆపి లేపారు. ఈసారి స్టోరేజీ దొరికింది. డీఎన్ఎస్ మెషీన్ తనంతట తాను లేచేలా ఎవరో ఎప్పుడో సెట్టింగ్ పెట్టి ఉండటం వాళ్ల అదృష్టం. అది లేవడం మొదలుకాగానే ల్యాప్‌టాప్ తీగ పీకేయమన్నాను, లేకపోతే ఒకే ఐపీ కోసం రెండూ కొట్టుకుంటాయి. అప్పటికి తెల్లారింది.

బ్యాకప్ తీయండి, అనుమతి తీసుకోండి, వాడేవాళ్లకు ముందే చెప్పండి అని నేను రాయను. అవి మీకు తెలుసు. ఇరవై ఏళ్లుగా ఈ పనిలో మనుషులను ముంచిన తప్పు ఒకటే చూశాను: తాళం చెవి లోపల పెట్టి తలుపు వేసుకోవడం. లేపడానికి కావలసినది, లేవాల్సిన దాని లోపలే ఉండటం.

పెద్దవాళ్లకూ ఇది తప్పలేదు. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్ దాదాపు ఆరు గంటలు ఆగిపోయింది. మామూలు నిర్వహణలో ఇచ్చిన ఒక ఆదేశం వాళ్ల డేటా సెంటర్లను కలిపే నెట్‌వర్క్‌ను తెంచింది, దానితో డీఎన్ఎస్ కూడా బయటి ప్రపంచానికి కనబడకుండా పోయింది. సరిదిద్దడానికి ఇంజినీర్లు వాడే సాధనాలు కూడా ఆ డీఎన్ఎస్ మీదే ఆధారపడ్డాయి. మనుషులు స్వయంగా డేటా సెంటర్లకు వెళ్లాల్సి వచ్చింది. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజాన్‌లో ప్రభుత్వ డేటా కేంద్రంలో యూపీఎస్ లిథియం బ్యాటరీలను తరలిస్తుండగా మంటలు లేచాయి. 600కు పైగా ప్రభుత్వ సేవలు ఆగాయి. ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్‌లోని 858 టెరాబైట్ల సమాచారం బూడిదైంది, ఎందుకంటే దానికి బయట ప్రతి లేదు. అది కూడా బ్యాటరీల పనే అని గుర్తుంచుకోండి.

వారం ముందు

కాగితం తీసుకోండి. ఏది లేవాలంటే ఏది ముందు లేచి ఉండాలో బాణాలతో గీయండి. గీసిన బాణాల్లో ఎక్కడైనా చుట్టు తిరిగి మొదటికే వచ్చిందంటే మీ తాళం చెవి లోపలే ఉంది. ఆ చుట్టు తెంచే దాకా కరెంటు ఆపే తేదీ ఖరారు చేయవద్దు. స్టోరేజీని ఐపీతో కలపడమో, ఒక డీఎన్ఎస్‌ను విడిగా చిన్న యంత్రం మీద పెట్టడమో చేయాలి.

రెండో కాగితం మీద హైపర్‌వైజర్ల రూట్ పాస్‌వర్డ్‌లు, సర్వర్లను దూరం నుంచి ఆపి లేపే ఐడ్రాక్ లేదా ఐఎల్ఓ చిరునామాలు, స్విచ్‌లు, స్టోరేజీ కంట్రోలర్ల లాగిన్లు, తాళం వేసిన డిస్కులను తెరిచే బిట్‌లాకర్ రికవరీ కీలు, యంత్రాల సీరియల్ నంబర్లు, సపోర్టు ఫోన్ నంబర్లు రాయండి. కవర్‌లో పెట్టి సీలు వేసి, ఇద్దరు సంతకాలు చేసి, వేరే భవనంలో బీరువాలో ఉంచండి. సీలు వేసే ముందు, ఆ కాగితం చూసి మాత్రమే ఒక్కొక్క దానిలోకి లాగిన్ అవ్వండి. చేతిరాతలో సున్నాకూ ఇంగ్లిషు ఓకూ తేడా తెలియక, నాలుగైదుసార్లు తప్పు కొట్టి, ఖాతాకు తాళం పడి, చీకట్లో నిలబడి ఎదురుచూసిన మనిషిని నేను కళ్లారా చూశాను.

ఏళ్ల తరబడి ఆగకుండా నడుస్తున్న సర్వర్ ఉంటే గొప్పగా చెప్పుకోకండి, భయపడండి. ఎవరో చేసిన మార్పు మెమరీలోనే ఉండి డిస్కుకు ఎక్కి ఉండకపోవచ్చు. స్విచ్‌లలో ఇది మరీ ఎక్కువ: నడుస్తున్న కాన్ఫిగరేషన్ (సెట్టింగులు) సేవ్ కాలేదంటే కరెంటు పోయి వచ్చాక స్విచ్ పాత సెట్టింగులతో లేస్తుంది. లినక్స్‌లో, లేచేటప్పుడు ఏయే డిస్కులు కలపాలో చెప్పే ఎఫ్‌ఎస్‌టాబ్ ఫైలు చూడండి. తీసేసిన డిస్కు వరుస అందులో మిగిలి ఉంటే, లేచేటప్పుడు తెర మీద ఒకటిన్నర నిమిషం లెక్క నడుస్తుంది. ఆ తరువాత ఎమర్జెన్సీ మోడ్ వచ్చి రూట్ పాస్‌వర్డ్ అడుగుతుంది. మళ్లీ ఆ కవర్ దగ్గరికే వచ్చాం. అందుకే ఒక్కో సర్వర్‌ను, ఏ మార్పూ చేయకుండా, వారం ముందే రీబూట్ చేయండి. లేవకపోతే పాత జబ్బు అని తెలుస్తుంది, తీరిక ఉన్నప్పుడే తెలుస్తుంది.

ఆపేటప్పుడు, లేపేటప్పుడు

ఆపే వరుస: అప్లికేషన్లు, డేటాబేసులు, మిగతా మెషీన్లు, డొమైన్ కంట్రోలర్ (సంస్థలో అందరి లాగిన్లు తనిఖీ చేసే సర్వర్), హైపర్‌వైజర్లు, స్టోరేజీ, చివరికి స్విచ్‌లు. లేపే వరుస దీనికి తలకిందులు, అన్నిటికన్నా ముందు ఏసీ. స్టోరేజీలో ప్రతి డిస్కూ బాగుందని కంట్రోలర్ చెప్పే దాకా సర్వర్ బటన్ ముట్టుకోవద్దు. అన్నీ ఒకేసారి నొక్కవద్దు, మొదలయ్యే క్షణంలో లాగే కరెంటు ఎక్కువ, బ్రేకర్ పడిపోతుంది.

గడియారాలు చూడండి. మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ చచ్చిన సర్వర్ ఏదో పాత తేదీతో లేస్తుంది. డొమైన్‌లో అయిదు నిమిషాల తేడా దాటితే, లాగిన్లు తనిఖీ చేసే కెర్బరోస్ పద్ధతి లాగిన్ ఒప్పుకోదు. పాస్‌వర్డ్ సరైనదే, లోపలికి మాత్రం రానివ్వదు. గంటల తరబడి పాస్‌వర్డ్‌లు మార్చుకుంటూ కూర్చునేవాళ్లు ముందు తేదీ చూస్తే సరిపోయేది.

ఇక వరుసగా రాస్తున్నాను, ఏదీ వదలకండి.

ఆ రాత్రి కొత్త ప్యాచ్ (సాఫ్ట్‌వేర్ సవరణ) వేయవద్దు. ఫర్మ్‌వేర్ (యంత్రం లోపలే ఉండే సాఫ్ట్‌వేర్) మార్పు అసలే వద్దు. ఏది పాడైందో తెలియాలంటే మార్పు ఒక్కటే ఉండాలి.

స్నాప్‌షాట్ (మెషీన్ ఆ క్షణంలో ఎలా ఉందో దాచే ప్రతి) బ్యాకప్ కాదు. అది అదే స్టోరేజీలో ఉంటుంది. తాళం చెవి మళ్లీ లోపలే.

ఒక బ్యాకప్ కరెంటు ఆపని చోట ఉండాలి. దాని నుంచి ఒక మెషీన్‌ను ఈ వారమే తిరిగి లేపి చూడండి.

ఎన్నో డిస్కులను ఒకటిగా కలిపి నడిపే రెయిడ్ కంట్రోలర్ లేచేటప్పుడు ఫారిన్ కాన్ఫిగరేషన్ (ఈ డిస్కుల అమరిక తనది కాదు) అని చూపిస్తే క్లియర్ నొక్కవద్దు. తెర ఫొటో తీయండి, సపోర్టుకు ఫోన్ చేయండి.

రెండు డిస్కులు ఒకేసారి ఎర్రదీపం చూపితే ఏదీ బయటికి లాగవద్దు.

ఓటీపీ అడిగే లాగిన్‌ను నమ్ముకోవద్దు, ఆ ఓటీపీ తనిఖీ చేసే సర్వర్ కూడా పడుకునే ఉంటుంది. ఓటీపీ అక్కర్లేని లోకల్ ఖాతా ఒకటి కవర్‌లో ఉండాలి.

ఆఫీసు ఫోన్లు అవే స్విచ్‌ల మీద నడుస్తాయి. నంబర్లు కాగితం మీద, మాట్లాడటం సొంత ఫోను మీద. గదిలో సిగ్నల్ అందుతుందో లేదో ముందే చూడండి.

ఇంటి నుంచి వీపీఎన్‌తో చూసుకుంటాననే మనిషిని లెక్కలో వేసుకోవద్దు. గదిలో ఇద్దరు ఉండాలి. ఒకరికి నిద్ర వస్తే రెండోవారు ఆదేశాన్ని బిగ్గరగా చదివి ఒప్పుకున్నాకే ఎంటర్ నొక్కాలి.

బ్యాటరీలు మార్చేవాళ్ల పక్కన మన మనిషి ఉండాలి. మంటలార్పే సిలిండర్ గడువు చూడండి.

ఎన్ని గంటలకు వెనక్కి తగ్గాలో ముందే రాసి గోడకు అంటించండి. ఆ గంట కొట్టాక ఇంకొక్కటి ప్రయత్నిద్దాం అనవద్దు.

ఆంధ్ర తీరంలో ఉన్నవాళ్లు ఈ పని వాయిదా వేయకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు ఎన్నో వీధులకు రోజుల తరబడి కరెంటు లేదు. తుఫాను ముహూర్తం చూసుకుని రాదు. అప్పుడు ఆపే వరుస ఉండదు, లేపే వరుస మాత్రమే ఉంటుంది.

పాస్‌వర్డ్ మారిన రోజే కవర్ మార్చండి. కవర్ మీద తేదీ వేయండి.

సర్వర్ గది తలుపుకు కార్డు తాళం ఉందా? దాన్ని నడిపే కంప్యూటర్ ఎక్కడుందో ఇప్పుడే వెళ్లి చూడండి. ఆ గదిలోనే ఉంటే, ఇనుప తాళం చెవి ఎవరి దగ్గరుందో కనుక్కుని, కరెంటు ఆపే ముందు ఒకసారి తిప్పి చూడండి.