స్క్రాబుల్ ఆరో పాఠం: ర్యాకులో ఏం మిగిలింది?

స్క్రాబుల్‌లో ఇంగ్లీషు అక్షరాల బిళ్లలు గడుల బోర్డు మీద పేర్చి మాటలు కడతాం. మన ఏడు బిళ్లలు నిలబెట్టుకునే పలకే ర్యాకు; వేసినన్ని బిళ్లలు మళ్లీ సంచిలోంచి తీసుకుంటాం. పోయిన పాఠంలో ఆ ఏడు బిళ్లలూ ఒకే వంతులో వేస్తే 50 పాయింట్లు అదనంగా వస్తాయని చెప్పి ఆపేశాను. అలా ఆపకుండా ఉండవలసింది. ఆ యాభై కోసం కాచుకుని కూర్చుని చాలామంది ఓడిపోయారు. ఒకరు పంపిన స్కోరు కాగితంలో ఐ, ఎన్, జి మూడూ వరుసగా ఐదు వంతులు ర్యాకులోంచి కదల్లేదు. వేసిన మాటలేమో ఆరు, ఎనిమిది పాయింట్లవి. ‘ఇంగ్’తో ముగిసే మాటలు బోలెడున్న మాట నిజమే. కానీ ఆ మూడింటినీ పట్టుకుని కూర్చుంటే ఆడటానికి మిగిలేవి నాలుగే, సంచిలోంచి కొత్తవి వచ్చేదీ అంతంతమాత్రమే. జిని ముందు వదిలించుకోండి. ఐ, ఎన్ ఉంటే చాలు.

సరదాగా ఆడేటప్పుడు ఈ వంతుకు ఎంత వచ్చిందన్నదే చూస్తాం. పోటీలో ఆడేవారు ర్యాకులో మిగిలినవి కూడా చూసి గాని బిళ్ల కింద పెట్టరు. గడియారం సంగతి మీకు తెలిసిందే, ఆట మొత్తానికి మనిషికి 25 నిమిషాలు.

ఇక నన్ను బాగా బాధపెట్టేది ఎస్ వృథా. నూరు బిళ్లల్లో ఎస్‌లు నాలుగే. మీ దగ్గర డబ్ల్యు, ఎ, వి, ఈ, ఎస్, టి, ఆర్ ఉన్నాయనుకుందాం. ‘వేవ్స్’ వేస్తే, పాయింట్లు పెంచే రంగు గడుల లెక్క వదిలేస్తే, 11. ‘వేవ్’ వేస్తే 10. ఆ ఒక్క పాయింటుకు ఎస్ ఇచ్చేశారు! అదే దాచుకుంటే ఎస్, టి, ఆర్ మిగులుతాయి. అచ్చులు రెండు పడితే చాలు, మంచి మాటలు కుదురుతాయి. పైగా ‘వేవ్’ చివర ఆ ఎస్ తగిలించి, దాని మీదుగా అడ్డంగా మరో మాట వేస్తే రెండు మాటల పాయింట్లూ మీవే. ఆ చోటు అవతలివారు ముందే పట్టేయవచ్చు. అయినా నేను ‘వేవ్’ మాత్రమే వేస్తాను. కనీసం ఎనిమిది పాయింట్లు ఎక్కువ రానిదే ఎస్ తీయను. ఏ అక్షరంగానైనా వాడుకోగల ఖాళీ బిళ్లకైతే పాతిక. ఇది నా లెక్క, మీ అనుభవంతో సవరించుకోండి.

“ఆ మాటకు అర్థం చెప్పు” అని ఇంట్లో గొడవ పడుతున్నారట. పోటీలో అర్థం ఎవరూ అడగరు, మాట జాబితాలో ఉంటే చెల్లుతుంది. ఫ్రెంచి మాట్లాడటం రాని న్యూజిలాండ్ ఆటగాడు నైజెల్ రిచర్డ్స్ 2015లో ఫ్రెంచి స్క్రాబుల్ ప్రపంచ పోటీ గెలిచారు. ఇంట్లో ఆడేటప్పుడు మాత్రం ఏ నిఘంటువో మొదటి బిళ్ల వేయకముందే ఒప్పుకోండి.

అభ్యాసం: ఒక ఆట మొత్తం రెండు పక్షాలా మీరే ఆడండి. ప్రతి వంతుకూ కనీసం రెండు మాటలు వెతికి, వాటి పాయింట్లు, ఒక్కోదాని తర్వాత మిగిలే అక్షరాలు కాగితం మీద రాసి, ఆ తర్వాతే ఒకటి ఎంచుకోండి. మూడు గంటలు పట్టినా మధ్యలో ఆపవద్దు. వచ్చే పాఠానికి ఆ కాగితం కావాలి.