మిక్సీ ధర చూస్తే వారమంతా మిక్సీ ప్రకటనలేనా?

ఫోనులో ఒక్కసారి మిక్సీ ధర చూస్తే చాలు, ఆ తర్వాత ఆటల యాప్ తెరిచినా, వార్తల యాప్ తెరిచినా మిక్సీలే వెంటపడతాయి. దాదాపు ప్రతి ఆండ్రాయిడ్ ఫోనుకూ ఒక అడ్వర్టైజింగ్ ఐడీ, అంటే ప్రకటనల కోసం వాడే గుర్తింపు కోడ్, ఉంటుంది. మనం ఏ యాప్‌లో ఏం చూశామో కంపెనీలు దాని ఆధారంగా జతచేసుకుంటాయి. ఆ ఐడీని నిమిషంలో తీసేయవచ్చు.

సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో యాడ్స్, అక్కడ ‘డిలీట్ అడ్వర్టైజింగ్ ఐడీ’ నొక్కి, మళ్లీ అడిగినప్పుడు సరే అనండి. కొన్ని ఫోన్లలో ఇది సెట్టింగ్స్‌లోని గూగుల్ విభాగంలో ఉంటుంది. ఇక ఆ ఐడీ అడిగిన యాప్‌కు వరుసగా సున్నాలే కనిపిస్తాయి. ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లలోనూ తప్పక చేసిపెట్టండి.

అయితే ప్రకటనల సంఖ్య తగ్గదు. ఫోన్ నంబరుతోనో మెయిల్‌తోనో లాగిన్ అయిన యాప్‌లు మిమ్మల్ని ఎలాగూ గుర్తుపడతాయి, వాటి దగ్గర ఇది పనిచేయదు.