పనిముట్ల బీరువాలో ఒక పాత బల్బు

కోనసీమలోనో భీమవరం వైపో ఇంటి షెడ్డులో చెక్కపని చేసుకునేవాళ్లు వానాకాలంలో ఎలాగూ జాగ్రత్తగానే ఉంటారు, కానీ ధనుర్మాసం పొద్దుల్లో కూడా ఉండాలి. రాత్రంతా చల్లబడ్డ ఉలికి, చిత్రిక బ్లేడుకి పొద్దున తేమగాలి తగిలి సన్నటి చెమ్మ పడుతుంది, మధ్యాహ్నానికి ఆరిపోయినట్టే కనిపిస్తుంది గానీ కొన్నాళ్లకి పదును అంచు వెంబడే గోధుమరంగు తుప్పు చుక్కలు తేలతాయి.

షెడ్డంతా వేడి చేయక్కర్లేదు. పనిముట్లు పెట్టే ఇనప బీరువా అడుగు అరలో 40 వాట్ల ఫిలమెంట్ బల్బు రాత్రిపూట వెలిగించి ఉంచండి (ఎల్‌ఈడీ అంత వేడి ఇవ్వదు). ఇనుము చుట్టూ ఉన్న గాలికంటే కాస్త వెచ్చగా ఉంటే చాలు, చెమ్మ పట్టదు. పది గంటలు వెలిగినా అర యూనిట్ కూడా కాలదు. బల్బు చుట్టూ జాలీ, పైనా కిందా గాలి కన్నాలు, ఎర్తింగ్ ఉన్న ప్లగ్గు తప్పనిసరి. థిన్నర్, వార్నిష్, నూనె గుడ్డలు మాత్రం ఆ బీరువాలో అస్సలు పెట్టకండి.

బయట ఉండే వైస్ (చెక్కని బిగించి పట్టేది), డ్రిల్ స్టాండ్ లాంటివాటిని కుట్టుమిషన్ నూనె గుడ్డతో పల్చగా తుడిస్తే సరిపోతుంది. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరినూనె రాయకండి, చలికి గడ్డకడుతుంది, పోనుపోను జిడ్డుగా మారి రంపంపొట్టంతా అంటుకుంటుంది.