క్రోషే నుంచి రెండు సూదుల అల్లికకు

క్రోషేలో, అంటే ఒకే హుక్కుతో అల్లే పనిలో చేయి తిరిగినవాళ్లు రెండు సూదులకు మారేటప్పుడు ఊలు పట్టుకోవడం మళ్లీ నేర్చుకోనక్కర్లేదు. దారాన్ని ఎడమ చేతి వేళ్ల మీదుగానే పోనివ్వండి. రెండు సూదుల అల్లికలో దారాన్ని ఎడమ చేత పట్టే కాంటినెంటల్ పద్ధతిలోనూ అంతే. పట్టుబట్టి కుడిచేతికి మార్చుకోవడం అనవసర ప్రయాస.

మధ్యరకం మందం, లేత రంగు, నున్నటి ఊలు, 5 మి.మీ. సూదులు తీసుకోండి. వెదురు సూదులైతే మేలు, స్టీలువాటి మీద కుట్లు జారతాయి. 20 కుట్లు ఎక్కించి, 30 వరుసలూ నిట్ కుట్లే (దారం వెనక ఉంచి వేసే మామూలు కుట్లు) వేయండి. నిట్ వరుస, పర్ల్ (దారం ముందుంచి వేసే కుట్టు) వరుస మార్చి మార్చి వేస్తే అంచులు చుట్టుకుపోతాయి, మొదటి పట్టీకి ఆ తంటా వద్దు.

క్రోషే అలవాటుతో వచ్చే చిక్కు బిగింపు. సూది మొన సన్నం. అక్కడే దారం లాగితే కుట్టు చిన్నదైపోయి, తర్వాతి వరుసలో సూది దూరదు. కుట్టును లావు భాగం మీదికి జరిపాకే లాగండి.

20 కుట్లు కాస్తా 23 అయ్యాయా? మధ్యలో దారం ముందుకొచ్చి సూదికి చుట్టుకుని ఉంటుంది. లేదా వరుస మొదట్లో దారం సూది పైనుంచి వెనక్కి పోయి, మొదటి కుట్టు రెండుగా కనబడి ఉంటుంది. దారాన్ని సూది కిందినుంచే వెనక్కి తీసుకోవాలి.

కుట్టు జారి కిందికి నిచ్చెనలా విడిపోతే మీ పాత హుక్కే దిక్కు. 4 మి.మీ. హుక్కును జారిన లూపులో దూర్చి, పైనున్న అడ్డదారాన్ని అందులోంచి లాగండి. అన్నీ నిట్ వరుసలే కాబట్టి ఒక అడ్డదారం ముందువైపు నుంచి, తర్వాతిది వెనకవైపు నుంచి. చివర్లో లూపు మెలి తిరగకుండా సూదికెక్కించండి.