ఆపరేషన్ పేషెంట్‌ని చూసుకోవడం ఎలా నేర్పాలి

నా నర్సింగ్ విద్యార్థులను ముందు థియేటర్‌కి కాదు, వార్డుకి తీసుకెళ్తాను. "ఏమీ తినలేదు కదా?" అని అడగనివ్వను. "చివరిగా ఏం తిన్నారు, ఎప్పుడు?" అని అడగమంటాను. మామూలుగా మత్తు ఇచ్చేముందు తేలికపాటి ఆహారానికి 6 గంటలు, మంచినీళ్లకు 2 గంటలు గ్యాప్ ఉండాలి. పాలు నీళ్ల లెక్కలోకి రావు.

థియేటర్‌లో గాజుగుడ్డలు, సూదులు పైకి లెక్కపెట్టిస్తాను: కోతకు ముందు, మూసేముందు, చివర్లో మళ్లీ. తేడా వస్తే సర్జన్ విసుక్కున్నా గట్టిగా చెప్పాలి. దాని ప్రాక్టీస్ కోసం విసుక్కునే సర్జన్ వేషం నేనే వేస్తాను (బాగానే కుదురుతుంది).

రికవరీలో మానిటర్ కన్నా ముందు మనిషిని చూడాలి: ఊపిరి, పెదాల రంగు, కట్టు తడిసిందా. మొదట్లో 15 నిమిషాలకోసారి బీపీ, పల్స్ రాయాలి. నొప్పి 0 నుంచి 10లో ఎంతో పేషెంటే చెప్పాలి; ఊహించి రాస్తే మళ్లీ అడిగి రమ్మంటాను.